‘ఎవరు చెప్పారు’ అన్న గడి

బు పార్తినాకీ నాకూ పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా సరిపడలేదు. మా జావా దీవిలో పెద్దావిణ్ణి ‘బు’ అనీ, పెద్దాయన్ని ‘పాక్’ అనీ, నాబోటివాణ్ణి ‘మాస్’ అనీ పిలుస్తారు. ఆవిడ మా ఆఫీసులో టెస్టర్. నేనేమో జోగ్జా నగరం చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలన్నీ తిరిగి, నర్సుల్నీ గుమాస్తాల్నీ బతిమాలి కూచోబెట్టి, "కంప్యూటర్లో మీకేం కావాలి?" అని అడిగి, వాళ్ళు చెప్పిందంతా అవసరాల పత్రంగా రాసుకొచ్చేవాణ్ణి. ఆ పత్రం చూసి మా ఆఫీసు పిల్లలు సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్ళు. కట్టినదాన్ని ఎక్కడ తంతే కూలుతుందా అని ఆవిడ వెతికేది. కూలిన ప్రతిసారీ తప్పు తిరిగి తిరిగి నా పత్రంలోనే తేలేది. ఇక సరిపడమంటే ఎలా సరిపడుతుంది?

ఒకసారి నేను ఎక్కడో విదేశీ ఫారం చూసి ‘ఇంటిపేరు తప్పనిసరి’ అని రాసిపారేశాను. మర్నాడు పొద్దున్నే బు పార్తినా వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మాస్ హర్యో, మా ఆయన పేరేంటి?"

"సగిమాన్ గారు."

"దాని ముందు?"

"ఏం లేదు."

"దాని వెనక?"

"ఏం లేదు బు. అయితే ఏంటి?"

"ఆయనకి ఉన్నదే ఒక్క పేరు. జావాలో సగంమందికి అంతే. నీ కంప్యూటర్ ఆయన్ని మనిషిగా ఒప్పుకోవడం లేదు. ఒప్పుకునేలా చేస్తావా, ఆయనకి ఇంకో పేరు నువ్వే పెడతావా?"

ఆఫీసంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమే చెప్పింది కాబట్టి మరీ మండింది.

ఆవిడ పరీక్షలన్నీ బడిపిల్లల నోటు పుస్తకాల్లో ఉండేవి. కంప్యూటర్లోకి ఎక్కించినా సరే, పుస్తకం పక్కన లేకపోతే చెయ్యి ఆడేది కాదు. మొత్తం రెండువేల మూడువందల చిల్లర. అందులో 417 నంబరు పరీక్ష ఒకటుంది. ఆవిడ ఒక చిన్నపిల్లని ఒక పేరుతో నమోదు చేస్తుంది. ఆ పిల్లకి ఫలానా మందు పడదని రాస్తుంది. తర్వాత ఇంకో గుమాస్తాలాగా వచ్చి, అదే పిల్లని కొత్త పేరుతో మళ్ళీ నమోదు చేస్తుంది. డాక్టరు కొత్త పేరు తెరిస్తే, పాత పేరు మీదున్న ఎర్ర అక్షరాల హెచ్చరిక కనబడాలి. కనబడకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు గడప దాటడానికి వీల్లేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఈ ఒక్క పరీక్షా తన చేత్తోనే చేసేది. జ్వరంతో సెలవు పెట్టిన రోజు కూడా బండేసుకుని వచ్చి చేసి వెళ్ళింది.

ఇక్కడ పిల్లలకి పేరు మార్చడం మామూలే. బిడ్డకి మాటిమాటికీ సుస్తీ చేస్తే పేరు బరువెక్కువైందంటారు, మోయలేకపోతోందంటారు. ఎర్ర జావ తెల్ల జావ కాచి ఇరుగుపొరుగుకి పంచి, తేలికైన పేరు పెడతారు. కాబట్టి ఆవిడ పరీక్ష అడ్డగోలుదని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ దాన్ని నా పత్రంలో చేర్చమని అడిగితే మాత్రం చేర్చేవాణ్ణి కాను.

"ఎవరడిగారు బు?" అనేవాణ్ణి.

"నేనడుగుతున్నా."

"మీరు మన మనిషి. అడగాల్సింది ఆరోగ్య కేంద్రం వాళ్ళు. ఏ కేంద్రం, ఏ తేదీ, ఎవరు చెప్పారు, అది చెప్పండి, ఇప్పుడే రాస్తా."

ఆవిడ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది. పదకొండేళ్ళలో ఆరుసార్లైనా అడిగి ఉంటుంది. ఆరుసార్లూ అదే జవాబు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోయిన ఏడు యూనివర్సిటీ నుంచి లారస్ అనే అమ్మాయి వచ్చింది. డాక్టరేటు చేస్తోంది. అవసరాల పత్రం చదివి పరీక్షలు తనంతట తానే తయారుచేసే యంత్రం ఆమె పరిశోధన. యంత్రమంటే చక్రాలేం ఉండవు, అదీ ఒక సాఫ్ట్‌వేరే. నా పత్రంలో ఒక వాక్యం పెడితే దానికి ఇరవై పరీక్షలు రాసేది, వాటిని తనే నడిపేది, రిపోర్టు ఇచ్చేది. ఆవిడ ఉద్యోగానికి ఎసరొచ్చిందని అందరూ గుసగుసలాడారు. బు పార్తినా మాత్రం ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూచుని, "అబ్బ, పాపం ఎంత చదువుతోందో! దీనికి ఆకలీ దప్పికా ఉండవు కదా?" అని మురిసిపోయింది. తన పుస్తకాలన్నీ తెచ్చి దానికి తినిపించింది. ఎలాగూ ఏడాదిలో రిటైరవుతుంది. తన తర్వాత ఇవన్నీ ఎవరు చేస్తారన్నదే ఆవిడ దిగులు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ యంత్రానికి ప్రతి పరీక్షా ఏదో ఒక అవసరానికి పుట్టి ఉండాలి. పత్రంలో ఆధారం లేని పరీక్షలన్నిటికీ ‘అనాథ’ అని ముద్రవేసి పక్కన పెట్టేసింది. నాలుగువందల పన్నెండు తేలాయి. రెండు వారాల్లో వాటికి ఆధారం చూపించాలి, లేనివి తీసేస్తారు. ఆధారమంటే పెద్ద గ్రంథమేం కాదు. ‘ఎవరు చెప్పారు’ అని ఒక గడి, ‘ఏం జరిగింది’ అని ఇంకో గడి. రెండూ నింపితే అది అవసరంగా పత్రంలోకి ఎక్కుతుంది, పరీక్ష బతుకుతుంది.

బు పార్తినా, లారస్, నేను ముగ్గురం కూచున్నాం. మొదటి నాలుగు రోజులూ సరదాగానే గడిచాయి.

"ఇదేంటి బు, ఎంటర్ ఒకేసారి రెండుసార్లు కొట్టడం?" అని లారస్ అడుగుతుంది.

"వోనోసారి కేంద్రంలో గుమాస్తా. అతనికి వేలు వణుకుతుంది. రాయి."

"పుట్టిన తేదీ రేపటిదా?"

"స్లేమాన్ కేంద్రంలో నర్సు. కళ్ళజోడు పెట్టుకోదు, పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని. రాయి."

అలా మూడువందల తొంభై దాటించింది. ప్రతిదాని వెనకా ఒక మనిషీ ఒక రోజూ ఉన్నాయి. పదకొండేళ్ళుగా నేను పత్రాలు రాస్తున్నాను గానీ, ఆ మనుషుల్ని నిజంగా చూసింది ఈవిడేనని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది కూడా. పైకి చెప్పలేదనుకోండి.

417 దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేసింది. "దీన్ని తర్వాత చూద్దాం" అంది. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు లారస్‌ని పక్కకి పిలిచి, "ఆ గడిలో రాసిన పేరు ఎవరెవరు చదువుతారు?" అని అడిగింది.

"నా పరిశోధనలో పేర్లుండవు బు. ఆఫీసు ఫైల్లో మాత్రం ఉంటుంది. రేపెవరైనా ఇది ఎందుకుందని అడిగితే చూపించాలి కదా."

"ఎన్నాళ్ళుంటుంది?"

"ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నన్నాళ్ళూ."

గడువు ఇంకా వారం ఉంది. నా నోరు ఊరుకుంటుందా! "ఏం బు, మీ ముద్దుల పరీక్షకి తల్లి ఇంకా దొరకలేదా?" అన్నాను.

ఆవిడ మొహం చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. లేచి బయటికి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను. వీధి చివర, వేరుశనగ పచ్చడి కలిపిన కూరలు, గాదో గాదో, అమ్మే బండి దగ్గర బెంచీ మీద కూచుంది. మధ్యాహ్నం ఎండ. రెండు పొట్లాలు చెప్పాను, ఇద్దరమూ వెంటనే విప్పలేదు. అక్కడ చెప్పింది నాకు.

ఈ ఆఫీసుకి రాకముందు ఆవిడ బంతుల్ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నమోదు గుమాస్తా. అప్పట్లో అంతా అట్ట కార్డులే. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఒక్కతే కూతురు. సగిమాన్ గారికి రోజుల లెక్క, నక్షత్రాల లెక్క తెలుసు. ఆ చుట్టుపక్కల ఎవరింట బిడ్డ పుట్టినా పేరుకోసం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. సొంత కూతురు పుడితే ఆగుతాడా? గాలుః మహారాణి అని పెట్టాడు. పిల్ల మూడేళ్ళొచ్చేదాకా ఏదో ఒక జబ్బుతో తీసుకుంది. ఒకసారి మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం వాచి, గండం గడిచి బయటపడింది. అప్పుడు డాక్టరమ్మ కార్డు మీద ఎర్ర సిరాతో ‘ఈ మందు పడదు’ అని రాసింది. సగిమాన్ గారు అప్పుడు లారీ మీద సురబాయాలో ఉన్నాడు. తిరిగొచ్చాక మందు మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ ఆయనతో అన్నది ఒక్కటే, పేరు బరువైందని. మహారాణి పేరు చిన్న గొంతు మీద కూచుందని. ఆయన తల దించుకుని, జావ కాయించి, పేరు మార్చాడు. రహాయు. చల్లగా ఉండమని దానర్థం.

"కొత్త పేరు పెట్టిన మర్నాడు కొత్త కార్డు నేనే రాశాను" అంది. "నా చేత్తోనే. మంచి అక్షరాలతో. పాత కార్డు పక్కనే ఉంది, ఎర్ర అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. మర్చిపోయాననుకుంటావేమో మాస్, మర్చిపోలేదు. కావాలనే దించలేదు."

"ఎందుకు బు?"

"పాత పేరు జబ్బు పాత పేరుతోనే పోవాలన్నారు పెద్దవాళ్ళు. కొత్త కార్డు తెల్లగా ఉండాలనిపించింది. నా బిడ్డ మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదనిపించింది. పాత కార్డు ఇంటికి తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను."

నాలుగు నెలలు పిల్ల బంగారంలా తిరిగింది. తర్వాత ఒకరోజు గొంతు నొప్పి, జ్వరం. బు పార్తినా ఆ రోజు ట్రైనింగని పట్నం వెళ్ళింది. తండ్రి ఎత్తుకుని కేంద్రానికి తీసుకెళ్ళాడు. కొత్తగా వచ్చిన డాక్టరు కార్డు చూశాడు. తెల్లగా ఉంది. ఆ మందే ఇచ్చాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

"డాక్టరు చెప్పాడు, మందు పడలేదని. ఎవరూ వినలేదు. రెండో పేరు కూడా పడలేదన్నారు. మా ఆయన అదే నమ్మాడు. రెండు పేర్లూ నేనే పెట్టాను, రెండూ నేనే తప్పు పెట్టాను అని గోడకేసి తల కొట్టుకున్నాడు. నేను చూస్తూ కూచున్నాను."

"చెప్పలేదా?"

"మొదట భయం. తర్వాత ఆయన నన్ను ఓదార్చేవాడు. నాకు ఆ ఓదార్పు కావాల్సొచ్చింది మాస్. చెబితే అది పోతుంది." ముక్కు తుడుచుకుంది. "పంతొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి ఎవరికీ పేరు పెట్టలేదు ఆయన. గుమ్మంలోకొచ్చి అడిగినా చేతులు జోడించి పంపించేస్తాడు. ఇంట్లో పిల్లి ఉంది, దాన్ని పిల్లీ అనే పిలుస్తాడు."

నాకు ఏడుపొచ్చింది. పొట్లం విప్పి తింటున్నట్టు తల వంచుకున్నాను.

"వచ్చే ఏడు నేనుండను. ఆ పరీక్ష పోతే దాన్ని మళ్ళీ ఎవరూ చెయ్యరు. గడిలో నా పేరు రాయడం ఎంతసేపు? కానీ ముక్కూమొహం తెలియని వాళ్ళు చదివేముందు ఆయనకి తెలియాలి. ఆయనకి చెప్పాలి."

ఆ వారమంతా రోజూ పొద్దున్నే అడిగేవాణ్ణి, చెప్పారా అని. ఒకరోజు ఆయనకి పన్ను నొప్పి. ఒకరోజు చుట్టాలొచ్చారు. ఒకరోజు, "చెబుదామని కూచుంటే నాకు టెంపే ముక్కలు వేయించి పెట్టాడు మాస్, ఎలా చెప్పను?" అంది. శనివారం నా దగ్గరికొచ్చి, "రేపు మా ఇంటికి రా. నువ్వు పక్కనుంటే వెనక్కి తగ్గను" అంది. సోమవారంతో గడువు ముగుస్తుంది.

ఆదివారం పొద్దున వెళ్ళాను. సగిమాన్ గారు వాకిట్లో చాప మీద కూచుని వెదురు పుల్లలు చీలుస్తున్నాడు. లారీ మానేశాక పిట్టల పంజరాలు కడుతున్నాడు. నన్ను చూసి సంతోషంగా లేవబోతే ఆవిడ ఆపింది.

"కూచో పాక్. ఒక మాట చెప్పాలి. మాస్ ముందే చెబుతాను."

ఆయన కూచున్నాడు. ఆవిడ నిలబడే చెప్పింది.

"రహాయు పోయింది పేరు వల్ల కాదు. నా వల్ల. ఆ మందు పడదని పాత కార్డు మీద ఎర్ర సిరాతో రాసుంది. కొత్త కార్డులోకి నేను దించలేదు. కావాలనే దించలేదు. పాతది పొయ్యిలో పెట్టేశాను. నువ్వు తీసుకెళ్ళిన రోజు డాక్టరుకి కనబడాల్సింది కనబడలేదు. ఆ పేర్లకి దీంతో ఏ సంబంధమూ లేదు. రెండూ మంచి పేర్లే పాక్. నువ్వేం తప్పు చెయ్యలేదు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. కత్తి పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన కళ్ళనిండా నీళ్ళతో నవ్వాడు.

"ఎంత మంచిదానివే నువ్వు" అన్నాడు.

"పాక్, నేను నిజం..."

"పాప పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలయ్యాక నేను కేంద్రానికి వెళ్ళాను, నీకు తెలీదు. పాప బరువులు, ఎత్తులు రాసిన పాత కార్డు ఇస్తే దాచుకుందామని. గాలుః పేరు మీద ఏ కార్డూ లేదన్నారు. పెట్టె మొత్తం నా ముందే దించి వెతికారు. పేరు మారాక పారేసి ఉంటారనుకున్నాను."

"లేదు, నేను కాల్చేశాను కాబట్టి!"

"కాలిపోయినదాన్ని చూపించమని ఎవరడుగుతారు? బాగానే అల్లావు." ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, నువ్వు పెట్టిన పేర్లే నా బిడ్డని తినేశాయి అన్నావా? ఇంకో ఆడదైతే రోజూ అనేది. ఇప్పుడు నాకు వయసైపోతోందని, ఈ భారంతో పోకూడదని, నీ నెత్తిన వేసుకుంటున్నావు. నాకు అర్థం కాదా?"

"మందు వల్ల పాక్. డాక్టరు చెప్పాడు, నువ్వూ విన్నావు."

"మందు నిమిత్తమాత్రం బు. ఊళ్ళో ఎంతమంది పిల్లలు మింగలేదు ఆ మందు?"

నాకు పట్టలేని కోపం వచ్చింది. ఆయన మీదో, ఎవరి మీదో తెలియదు. "సగిమాన్ గారూ, ఆవిడ నిజమే చెబుతోంది!" అని అరిచినంత పని చేశాను.

ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. "ఆ కార్డు మీరు చూశారా మాస్?"

"లేదు."

"ఇంకెవరైనా చూశారా?"

పదకొండేళ్ళు నేను ఆవిణ్ణి అడిగిన ప్రశ్నే అది. ఎవరు చెప్పారు, ఎక్కడుంది ఆధారం. ఆ ప్రశ్న మనిషినెలా నరుకుతుందో అప్పుడు తెలిసింది. ఎర్ర సిరాతో రాసిన డాక్టరమ్మ ఎప్పుడో పోయింది. ఆయన లేచి, "మాస్‌కి టీ కూడా ఇవ్వలేదు చూడు" అంటూ లోపలికి వెళ్ళాడు. బు పార్తినా చాప మీద అలాగే కూచుంది. చీలిన వెదురు పుల్లలు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చింది.

సోమవారం గడి నింపింది. ‘ఎవరు చెప్పారు: తల్లి. కార్డు రాసిన గుమాస్తా. రెండూ నేనే.’ కింద తన పేరు. ‘ఏం జరిగింది’ అన్నచోట నాలుగు వాక్యాలు రాసింది. లారస్ రెండుసార్లు చదివింది. తర్వాత ‘అనాథ’ ముద్ర తీసేసింది. నేను ఆ వాక్యాన్ని నా పత్రంలో ఎక్కించాను. పదకొండేళ్ళు ఆలస్యంగా.

యంత్రం ఏ సందేహమూ పెట్టుకోకుండా ఒప్పుకుంది. 417ని తొంభై రకాలుగా తిప్పి తిప్పి నడిపింది. రెండుసార్లు పేరు మారిన పిల్లకి ఎర్ర అక్షరాలు మాయమైపోతున్నాయని ఆ సాయంత్రమే పట్టుకుంది. అంతదూరం ఆవిడ కూడా ఎన్నడూ ఆలోచించలేదట. మావాళ్ళు రెండు రోజుల్లో సరిచేశారు. నిజం చెప్పాలంటే దానివల్ల ఎక్కడో ఒక బిడ్డ ప్రాణం నిలిచే ఉంటుంది. ఆ మాటే ఆవిడతో అన్నాను. "ఊఁ" అంది.

ఆ తర్వాత ఆవిడ మొహం చూడలేకపోయేవాణ్ణి. సగిమాన్ గారు ఊరంతా చెప్పుకున్నాడు, నా భార్య నా తప్పు తన మీద వేసుకుంది, ఇలాంటి మనిషిని ఎక్కడైనా చూశారా అని. ప్రార్థనలకి వెళ్తే ఆడవాళ్ళు ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకునేవాళ్ళట. ఇంట్లో ఆయన ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వడం లేదట. "తిట్టినా బాగుండేది మాస్. పొద్దున్న లేచేసరికి వేణ్ణీళ్ళు పెట్టి ఉంచుతున్నాడు" అని వాపోయింది.

మూడు వారాలకి, ఒక మధ్యాహ్నం, సగిమాన్ గారు ఆఫీసుకి వచ్చాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ రాని మనిషి. పండగల బాతిక్ చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ గిన్నెతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మాస్, ఆ కంప్యూటర్లో మా ఆవిడ ఏదో రాసిందట. తనే చెప్పింది. దాన్ని చెరిపెయ్యాలి."

"ఎందుకండీ?"

"రేపు మేమిద్దరం పోయాక కూడా అది ఉంటుందట. ముక్కూమొహం తెలియని వాళ్ళు చదివి, ఈవిడెవరో బిడ్డని చంపుకుందనుకుంటారు. నా మీద ప్రేమతో రాసింది గానీ, అలాంటి మాట తన పేరు మీద ఉండకూడదు. పేర్లు పెట్టినవాణ్ణి నేను. నా పేరు రాయండి."

"చెరపడం కుదరదండీ. ఒకసారి ఎక్కితే అంతే. కింద కలపడానికైతే వీలుంది." ఈ మాట ఎందుకన్నానో! నోరు మూసుకుని ఉంటే పోయేది.

"అయితే కలపండి."

"కలపను" అన్నాను. "అది నిజం కాదు. పేరుతో ఎవరూ చావరు సగిమాన్ గారూ!"

ఆయనకి కోపం రాలేదు. నన్ను చూసి జాలిపడ్డాడు. "మీకింకా పిల్లల్లేరు కదా మాస్" అన్నాడు మెల్లగా. అని, అక్కడే నిలబడ్డాడు. కదల్లేదు. బు పార్తినా ఎప్పుడొచ్చిందో నా వెనకే ఉంది.

"లే మాస్. నేను కలుపుతాను."

"బు, అది అబద్ధం. మీకు తెలుసు."

"ఆయనకి అబద్ధం కాదు."

నా కుర్చీలో కూచుంది. సగిమాన్ గారు ఆవిడ భుజం మీదుగా వంగి, ఒక్కొక్క మాటే చెప్పాడు. ఆవిడ టైపు చేసింది. ‘పేరు తప్పు పెట్టినవాడు: తండ్రి, సగిమాన్.’ ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకుని, తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. పైన ఆవిడ రాసిన నాలుగు వాక్యాలూ చదవనేలేదు. పెద్దగా ఊపిరి వదిలాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు. "తినండి, ఇద్దరికీ సరిపోతుంది. టెంపే చల్లారిపోతుంది" అని గిన్నె బల్ల మీద పెట్టి, అందరికీ వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన నడక తేలికపడిందని లారస్ కూడా అంది.

బు పార్తినా కుర్చీలోంచి లేవలేదు. తెర వంకే చూస్తోంది. నేను గిన్నె మూత తీసి ఆవిడ ముందుకి జరిపాను. ఏం చెయ్యాలో తోచక.

"ఆయన నెత్తి మీంచి దించుదామని మొదలుపెట్టాను మాస్" అంది. "చివరికి నా చేత్తోనే రాసిచ్చాను, తప్పు ఆయనదేనని."